వ్యాసాల కింది ఇంటిపేరు

బ్రషోవ్,
మే 14.

పూజ్యులైన అత్తయ్యగారికి,

రుక్సాండ్రా నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను కులాసాగా ఉన్నాను. సులీనాలో మీరూ, మీ మోకాళ్లూ, మీ బాతులూ కులాసా అని తలుస్తాను.

ఈస్టర్ తర్వాత మీరు రాసిన ఉత్తరమూ, ఎండుచేపల పొట్లమూ తుల్చా బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. దారి పొడవునా ప్రయాణికులు అతన్ని తిట్టారట. "మీ అత్తగారికి నా దండాలు చెప్పండమ్మా. ఈసారి చేపలు పంపితే మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టమనండి. లేకపోతే వాటికి వేరే బస్సు చూసుకోమనండి" అన్నాడు. సగం మార్గిట్‌కి ఇచ్చాను. మీకు గుర్తుండే ఉంటుంది. యూనివర్సిటీలో నా గదిలో ఎదురుబల్ల దగ్గర కూర్చుని నక్కల మీద పరిశోధన చేస్తుంది, ఒకసారి నాతో మీ ఇంటికి వచ్చి చేపల పులుసు మళ్లీ మళ్లీ వేయించుకుంది. ఆమె మిమ్మల్ని ఇప్పటికీ తలుచుకుంటుంది, ముఖ్యంగా భోజనాల వేళ.

మోకాళ్లకు రాసుకునే మందు మీరు చెప్పిన పేరుతో ఇప్పుడు రావడం లేదు. అదే మందు వేరే డబ్బాలో వస్తోందని మందుల షాపు ఆవిడ చెప్పింది. రెండు డబ్బాలు పంపుతున్నాను. పొయ్యి దగ్గర కూర్చుని రాసుకోవద్దు, మండుతుంది.

మా వీధిలో కొత్త సంగతి ఏమిటంటే, చెత్తడబ్బాల దగ్గరకి ఒక ఆడ ఎలుగుబంటి పిల్లలతో సహా రావడం మొదలుపెట్టింది. కింది అంతస్తు పెద్దాయన దాని మీదకి చెప్పు విసిరాడు. అది చెప్పును వాసన చూసి పక్కన పెట్టి తన పని తాను చూసుకుంది. మర్నాడు ఆయన నన్ను మెట్ల దగ్గర ఆపి, "నువ్వు అడవి జంతువుల చదువు చదివావు కదా, వెళ్లి దానికి నచ్చచెప్పు" అన్నాడు. నాది తోడేళ్ల శాఖ అని చెప్పాను. "ప్రభుత్వ ఉద్యోగులంతా ఇంతే, ఏది అడిగినా మా శాఖ కాదంటారు" అని వెళ్లిపోయాడు. రెండో చెప్పు ఇంకా ఆయన గుమ్మం దగ్గరే ఉంది.

ఫోను చేయకుండా ఉత్తరాలేమిటని మీ పక్కింటివాళ్లు నవ్వుతున్నారని రాశారు. నవ్వనివ్వండి. ఫోనులో మీకు సగం వినబడదు, వినబడిన సగం మీకు నచ్చదు. పైగా ఈసారి చెప్పవలసినవి అరిచి చెప్పే సంగతులు కావు.

ఇక మీరడిగిన అసలు ప్రశ్నలు. "తోడేళ్ల పెంట ఏరుకునేదానికి ప్రొఫెసరు పదవి ఎవరిస్తారే పిల్లా? నువ్వు రాసేవి అసలు ఎవరైనా చదువుతారా? వచ్చిందో రాలేదో ఒక్క ముక్కలో చెప్పు" అని రాశారు. ఒక్క ముక్కలో చెప్పలేను. ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, వరసగా చెబుతాను.

నేను రాసేవి ఎవరు చదువుతారంటే, పూర్తిగా చదివేవాళ్లు చాలా తక్కువ. కానీ చదివామని రాసుకునేవాళ్లు చాలామంది. మా వృత్తిలో ఒక వ్యాసం అచ్చయ్యాక, ఆ తర్వాత అదే విషయం మీద రాసేవాళ్లు "ఇది ఫలానావారు ముందే చెప్పారు" అని మన పేరు ఎత్తుతారు. అలా ఎన్నిసార్లు ఎత్తారో లెక్కపెట్టే యంత్రాలు ఉన్నాయి. పదవులు ఇచ్చేవాళ్లు మన వ్యాసం తెరవరు, ఆ లెక్క తెరుస్తారు. ఇంకో లెక్క కూడా ఉంది. మీకు చేపల్లో చెబుతాను. ఒక్కో వ్యాసం ఒక్కో చేప, దాన్ని ఎన్నిసార్లు ఎత్తారో అది దాని పొడుగు అనుకోండి. ఒకాయన పట్టిన చేపల్లో పద్దెనిమిది చేపలు ఒక్కొక్కటీ పద్దెనిమిది అంగుళాలకు తక్కువ కాకుండా ఉంటే అతనికి పద్దెనిమిది అంకె ఇస్తారు. పడవంత చేపని ఒక్కదాన్ని పట్టి, మిగతావన్నీ అంగుళం చేపలైతే అతనికి ఒకటే వస్తుంది. నాకు పద్దెనిమిది ఉంది. మా విభాగంలో అది మంచి అంకే.

నాకూ ఒక పడవంత చేప ఉంది. రెండువేల తొమ్మిదిలో రాసిన వ్యాసం. వేసవిలో కొండల మీద గొర్రెల్ని తినేది తోడేళ్లేనా, లేక ఊరకుక్కలా అని పెంటలో దొరికిన వెంట్రుకలు చూసి తేల్చాను. నా దృష్టిలో ముఖ్యమైన మాట ఏమిటంటే, తోడేళ్ల నెత్తిన వేసిన పాపంలో సగానికి పైగా కుక్కలది. కాపరులకి ఆ మాట నచ్చలేదు. శాస్త్రవేత్తలకి దాని అవసరం పడలేదు. వాళ్లకి కావలసింది వ్యాసం చివర నేను ఇచ్చిన ఒక పట్టిక. ఏ వెంట్రుక ఏ జంతువుదో పోల్చుకునే గుర్తులు అందులో ఉన్నాయి. పోర్చుగల్ నుంచి మంగోలియా దాకా ఎవరు పెంట గిల్లినా ఆ పట్టిక దగ్గరకి వస్తారు. ఎనిమిది వందల మందికి పైగా నా పేరు ఎత్తారు. వాళ్లలో చాలామందికి నేను ఆడమనిషినన్న సంగతి కూడా తెలియదు. ఒకాయన "ప్రియమైన గ్రొజావు మహాశయా" అని రాశాడు.

ఎందుకంటే మా వ్యాసాల్లో ఇంటిపేరే మనిషి. సొంత పేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, చాలాచోట్ల అది కూడా రాదు. "గ్రొజావు, 2009" అంటే నేను. మార్గిట్ కూడా నాతో పేచీ వచ్చినప్పుడు, "రెండువేల తొమ్మిది, కిటికీ మూసెయ్యి, చలేస్తోంది" అంటుంది.

పెళ్లికి ముందు మా నాన్నగారి ఇంటిపేరైన చిరియాక్‌తో రెండు వ్యాసాలు రాశాను. ఒక తోడేళ్ల గుంపు వెనక ఒక చలికాలమంతా మంచులో నడిచి రాసినవి. నేను రాసినవాటిలో నాకు బాగా ఇష్టమైనవి అవే. యంత్రం దృష్టిలో చిరియాక్ అనే మనిషి రెండు వ్యాసాలు రాసి చచ్చిపోయింది. వాటిని నా లెక్కలో కలపమని ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాను. మర్యాదగా జవాబులు వచ్చాయి, పని మాత్రం కాలేదు. పేరు మారితే ఏమవుతుందో నాకు వినికిడిగా తెలిసిన సంగతి కాదు, నా మీదే జరిగింది.

ఇప్పుడు మీరు ఆఖరున, కాగితం అంచున చిన్న అక్షరాలతో అడిగినదానికి వస్తాను. "మావాడు నీ ఉత్తరాల కింద సంతకం చేయడం మానేశాడేం? ఈస్టర్‌కి ఒక్కడే వచ్చి, నీకు కొండల్లో పని ఉందని చెప్పాడు. తిన్నది సగం వదిలేశాడు. ఏం జరుగుతోంది?"

అత్తయ్యా, ఈస్టర్‌కి నాకు కొండల్లో పని లేదు. మార్గిట్ ఇంట్లో ఉన్నాను. సెవెర్, నేనూ ఫిబ్రవరిలో విడాకులు తీసుకున్నాం.

ఈ వాక్యం చాలాసార్లు రకరకాలుగా రాసి చూశాను. పొడుగ్గా రాస్తే సాకులు చెబుతున్నట్టుంది. అందుకని పొట్టిగా ఉంచాను.

మీరు ఇప్పుడు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి ఉంటారు. మళ్లీ పెట్టుకున్నాక ఇది చదవండి. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తాగి తందనాలాడలేదు. నాలుగేళ్ల కిందట సెవెర్ గలాట్స్ ఓడల కార్ఖానాలో పనికి వెళ్లాడు, మీకు తెలుసు. మొదట ప్రతి శుక్రవారం వచ్చేవాడు. తర్వాత నెలకోసారి. నేను ఎలాగూ వేసవంతా గొర్రెల పాకల్లో ఉంటాను కాబట్టి ఎవరు ఎవరి దగ్గరకి రావడం మానేశారో కచ్చితంగా చెప్పలేను. ఒకరోజు వచ్చి బల్ల ఎదురుగా కూర్చుని, "రుక్సా, అక్కడ నాకు ఒకావిడతో పరిచయం అయింది" అన్నాడు. నేను అప్పుడు ఉల్లిపాయ తరుగుతున్నాను. తరగడం పూర్తి చేశాను. "మంచిదేనా?" అని అడిగాను. "మంచిదే" అన్నాడు. ఆ పూట ఇద్దరం భోజనం కూడా చేశాం. నాకు కోపం రావాలని నేను ఎదురు చూశాను, సరిగ్గా రాలేదు. వచ్చింది ఇంకో సందర్భంలో.

విడిపోవడానికి ఇద్దరం ఒప్పుకున్నాం. పేచీ పేరు దగ్గర వచ్చింది. భర్త ఒప్పుకుంటే ఆడమనిషి ఆ ఇంటిపేరు ఉంచుకోవచ్చు. ఒప్పుకోకపోతే గట్టి కారణం ఉందని కోర్టులో చూపించుకోవాలి. నేను అడగడం కూడా అనవసరం అనుకున్నాను. సెవెర్ మాత్రం ఒప్పుకోనన్నాడు.

"అది మా నాన్న పేరు, రుక్సా. నువ్వు మా ఇంట్లో లేనప్పుడు మా పేరు నీకెందుకు?"

"నీ పేరు నాకక్కర్లేదు. నా వ్యాసాలకి కావాలి."

"వ్యాసాలకి నీ పాత పేరు పెట్టుకో."

"అచ్చయిపోయినవాటికి ఎలా పెట్టుకోను?"

"అదంతా నాకు తెలియదు. రేపు ఆవిడా గ్రొజావు, నువ్వూ గ్రొజావు. జనం నన్ను చూసి నవ్వరా?"

అప్పుడు వచ్చింది కోపం. ఆ పెంట సంచులు అతను మోశాడు, నిజమే. స్నానాలగదిలో ఎండబెడితే ముక్కు మూసుకుని సహించాడు, అదీ నిజమే. కానీ ఆ పేరును సులీనా రేవు దాటించి మంగోలియా దాకా తీసుకెళ్లింది నేను. ఆ మాట అనలేదు. కోర్టులో చూసుకుందామన్నాను.

ఆ తగాదా అయ్యాక మార్గిట్ నాకు చేసిన సాయం ఏమిటంటే, నన్ను ఉదహరించిన వ్యాసాలన్నిటి పట్టిక అచ్చు తీసి ఇచ్చింది. బొత్తి ఎత్తుకుంటే చెయ్యి నొప్పి పుట్టేంత ఉంది. "జడ్జి చదవకపోయినా పర్వాలేదు, బల్ల మీద పెట్టినప్పుడు చప్పుడు వస్తే చాలు" అంది.

జడ్జి పదవీ విరమణకి దగ్గరపడిన ఆవిడ. జలుబు చేసి ఉంది. విడాకుల భాగం రుమాలు మడతపెట్టే లోపల ముగించేసి, బొత్తి వైపు చూసింది.

"ఏంటమ్మా ఇదంతా?"

"నా పేరు ఎవరెవరు ఎత్తారో ఆ వివరం అండి."

"ఇదంతా నేను చదవాలా?"

"అక్కర్లేదండి. వాళ్లలో చాలామంది నాది కూడా చదివి ఉండరు."

ఆవిడ తలెత్తి మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది. సెవెర్ తరఫు వకీలు లేచాడు. చురుకైనవాడే, బూట్లు బాగా మెరుస్తున్నాయి.

"ఇంతమందిలో ఈవిడ ముఖం తెలిసినవాళ్లు ఎంతమందండీ? పట్టుమని పదిమంది కూడా ఉండరు. ఇది పేరుప్రతిష్ఠ ఎలా అవుతుంది? ఎవరికీ తెలియని మనిషి పేరు మారితే ఎవరికి నష్టం?"

"ముఖంతో పనేంటయ్యా?" అంది జడ్జి. "బజార్లో నన్ను కూడా ఎవరూ గుర్తుపట్టరు. నా సంతకం కింద జైలుకెళ్లినవాళ్లకి మాత్రం బాగానే గుర్తుంటాను." తర్వాత నావైపు తిరిగి, "పేరు మారితే ఏం పోతుందో నాకు అర్థమయ్యేలా చెప్పు. తోడేళ్ల సంగతి వద్దు" అంది.

నేను చిరియాక్ సంగతి చెప్పాను. రెండు వ్యాసాలు రాసి యంత్రం లెక్కలో చచ్చిపోయిన అమ్మాయి గురించి. ఈసారి పేరు మారితే ముప్పైఒక్క వ్యాసాలు రాసి గ్రొజావు చచ్చిపోతుందని, ఏమీ రాయని చిరియాక్ ఒకతె ప్రొఫెసరు పదవికి దరఖాస్తు పెట్టుకుంటుందని చెప్పాను.

జడ్జి సెవెర్‌ని లేవమంది.

"నీకేంటయ్యా ఇబ్బంది?"

"నేను మళ్లీ పెళ్లి చేసుకుంటున్నానండి. ఆవిడకీ ఇదే ఇంటిపేరు వస్తుంది."

"ఆవిడ కూడా తోడేళ్ల మీద రాస్తుందా?"

"లేదండి. పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది."

"అయితే ఒకళ్లని చూసి ఇంకొకళ్లు అనుకునే ప్రమాదం లేదుగా."

వెనక బెంచీల మీద ఎవరో నవ్వారు. సెవెర్ చెవులు ఎర్రబడ్డాయి. మీకు తెలుసు అవి ఎలా ఎర్రబడతాయో. ఆ నిమిషంలో నాకు అతని మీద జాలి వేసింది, అక్కడ అది నాకు పనికిరాని వస్తువు.

"అది మా వంశం పేరండి" అన్నాడు పట్టుదలగా. "మా తాతలు సులీనాలో ఓడలకి దారి చూపించినవాళ్లు. ఆ పేరు మా రక్తంలో ఉన్నవాళ్లది."

"మీ అమ్మగారు ఉన్నారా?"

"ఉన్నారండి."

"ఆవిడ పేరు?"

"ఎవ్దొకియా గ్రొజావు."

"ఆవిడ మీ రక్తమేనా? పుట్టినప్పటి నుంచీ గ్రొజావేనా?"

"కాదండి. మా అమ్మ లిపోవన్ల పిల్ల, పాత మతాచారాల రష్యన్లు వాళ్లు. మా నాన్నని చేసుకుందని వాళ్లవాళ్లు మళ్లీ గడప తొక్కనివ్వలేదు."

"మరి ఆవిడ పుట్టింటి పేరేంటి?"

సెవెర్ నోరు తెరిచాడు. వకీలు వైపు చూశాడు. వకీలు తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆఖరికి, "ఏదో 'ఒవ్' అని ముగుస్తుందండి. ఇప్పుడు గుర్తుకి రావడం లేదు" అన్నాడు. తర్వాత, అది ఎందుకు చేశాడో నాకు తెలియదు, తిరిగి నావైపు చూశాడు. ఇన్నేళ్లలో ఏ వస్తువు ఎక్కడ పెట్టాడో మరిచిపోయినప్పుడల్లా చూసినట్టే, నువ్వు చెప్పు అన్నట్టు చూశాడు.

నాకూ తెలియదు, అత్తయ్యా.

జడ్జి ముక్కు తుడుచుకుని రాయడం మొదలుపెట్టింది. పేరు నాకే ఇచ్చింది. వృత్తి నిమిత్తం అని రెండు వాక్యాల కారణం రాసింది.

బయట వరండాలో సెవెర్ కోర్టు ఎదురు బండి మీద జంతికలా మెలితిప్పిన వేడి రొట్టె ఒకటి కొనుక్కొచ్చి సగం విరిచి ఇచ్చాడు. అలవాటు. నేను తిన్నాను, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు.

"అమ్మకి చెప్పావా?" అని అడిగాను.

"చెబుతాను."

క్రిస్మస్‌కి కూడా అదే అన్నాడు. ఈస్టర్‌కి మీ దగ్గరకి అందుకే వచ్చాడు. చెప్పలేక సగం భోజనం వదిలేసి తిరిగొచ్చి, నాకు ఫోను చేశాడు. "నావల్ల కాలేదు రుక్సా. పులుసు వడ్డిస్తూ నీకోసం ఒక ముక్క తీసి పక్కన పెట్టింది, డబ్బాలో పెట్టి ఇస్తానని. నువ్వే రాయి. నీ రాతలంటే మంగోలియా వాళ్లు కూడా నమ్ముతారు కదా, మా అమ్మ నమ్మదా" అన్నాడు. ఎత్తిపొడుపు అందులో కొంచెమే ఉంది. ఇది నా పని కాదని చెప్పాను. కానీ మీరు కాగితం అంచున అడిగినది నన్ను, అతన్ని కాదు.

ప్రొఫెసరు పదవి వచ్చింది. పోయిన సోమవారం తెలిసింది. ఎంపిక సంఘంవారు అంకెలు చూశారు, బాగున్నాయన్నారు, భోజనానికి లేచారు. అధ్యక్షుడు చెయ్యి కలిపి, "అభినందనలు శ్రీమతి గ్రొజావు. మీవారు ఎలా ఉన్నారు?" అని అడిగాడు. "బాగున్నారు, పెళ్లి చేసుకుంటున్నారు" అన్నాను. ఆయన రెండోసారి కూడా అభినందించాడు. సరిగ్గా విని ఉండడు.

మీ అనుమతి కోసం ఇదంతా రాయడం లేదు. మీరు వద్దన్నా నేను ఆ పేరు వదిలేదాన్ని కాదు, ఆ సంగతి మీకు ముందే తెలియడం మంచిది. మీకు తెలియకుండా మీ పేరు నా దగ్గర ఉండకూడదని రాస్తున్నాను.

సెవెర్ మీద కేకలు వేయకండి, ఆ వయొలిన్ ఆవిడని ఇంటికి రానివ్వండి. వస్తే ఆవిడా మీలాగే, నాలాగే, బయటినుంచి ఆ పేరులోకి నడిచి వచ్చిన మనిషే అవుతుంది. జూన్ మూడో వారంలో నాకు సెలవు ఉంది. మీరు రమ్మంటే పడవ ఎక్కుతాను. వద్దంటే మందు డబ్బాలు ఎప్పటిలాగే బస్సులో వస్తాయి.

జవాబులో నన్ను ఎంత తిట్టినా సరే, ఒక్కటి మాత్రం రాయండి. కోర్టులో అందరం నోరు తెరుచుకుని నిలబడినప్పటి నుంచి అది నన్ను వదలడం లేదు. ఇరవై ఏళ్లుగా మీకు ఉత్తరాలు రాస్తున్నాను, తోడేళ్ల పళ్ల మధ్య ఏముందో కూడా మీకు చెప్పాను, కానీ ఇది ఒక్కసారీ అడగలేదు.

మీ పుట్టింటి పేరు ఏమిటి?

ఇట్లు,
మీరు కాదనేవరకూ మీ కోడలు,
రుక్సాండ్రా